కోటు తొడుక్కున్న ఇడ్లీపిండి

మా మామయ్య పరువు నేను ఎలా తీశానో చెప్పబోతున్నాను. పరువంటే ఏదో మాటవరసకు అనే పరువు కాదు. నాఫ్తలిన్ ఉండలు వేసి, ఏడాది పొడుగునా ఇనప బీరువాలో దాచుకున్న పరువు. దాన్ని ఒక్క పూటలో, అదీ సరిగ్గా క్రిస్మస్ నాటికి, అత్తవారింటికి వచ్చి ఏడు నెలలైనా నిండకుండానే పాడుచేశాను. మీరు ఇడ్లీ తింటూ ఇది చదువుతుంటే, ప్లేటు కాసేపు పక్కన పెట్టండి.

మాది కాకినాడ. అక్కడ డిసెంబరులో కూడా ఫ్యాను వేసుకునే పడుకుంటాం. పిండి రుబ్బి గిన్నెలో పోసి మూత పెడితే, తెల్లారేసరికి ఆ మూతను నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంటుంది. పిండి పులియడానికి మనుషులు కూడా ఏదైనా చెయ్యాలని నాకు తెలియదు. పెళ్ళయి సికింద్రాబాదు లాలాగూడలో, మా ఆయనకిచ్చిన రైల్వే క్వార్టర్సుకు వచ్చాక, మొదటి చలికాలంలో, ఒక్కొక్కటే తెలిసొచ్చింది. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టేది. తోడుపెట్టిన పాలు పొద్దున్నకీ పాలలాగే ఉండేవి. స్నానానికి నీళ్ళు కాచే బాయిలరు చుట్టూ ఇంటిల్లిపాదీ చేతులు చాపుకుని నిలబడేవాళ్ళం. నేను రెండు స్వెట్టర్లు వేసుకుని మరీ వణికేదాన్ని. మా ఆయన అది చూసి, ఇదేం చలి, తిరుమలగిరి వైపు వెళ్ళి చూడమని నవ్వేవాడు.

మామయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. బొత్తిగా మాట తక్కువ మనిషి. చర్చిలో ఎప్పుడూ ఆఖరి బెంచీలో కూర్చునేవారు. ఆ ఏడు మా పాస్టరు అయ్యగారు, క్రిస్మస్ ఆరాధనలో వాక్యం చదవమని మొట్టమొదటిసారి ఆయన్ని అడిగారు. మామయ్య కాదనలేక ఒప్పుకున్నారు గానీ, ఆ రోజు నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. చూపు ఆనదని ఆ వచనాలన్నీ ఒక తెల్లకాగితం మీద, ఇంకు పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలుగా రాసుకున్నారు. రోజూ పొద్దున్నే బాయిలరు పక్కన నిలబడి, నీళ్ళు కాగేదాకా, ఆ కాగితం చూసి పైకి చదివేవారు. భయంతో గబగబా చదివేసేవారు.

"జెర నిమ్మలంగ చదువుండ్రి. రైలు పోతున్నదా ఏంది?" అని అత్తయ్య వంటింట్లోంచి అనేది.

ఇక నా సంగతికి వస్తాను. క్రిస్మస్ పొద్దున, ఆరాధనకు ముందు, క్వయర్‌లో పాడేవాళ్ళంతా మా ఇంట్లో ఇడ్లీలు తిని వెళ్ళడం ఎప్పటినుంచో ఆనవాయితీ. ఆ ఏడు అత్తయ్య మణికట్టు బెణికి కట్టు కట్టుకుని ఉంది. ఈసారికి టిఫిన్ బయటి నుంచి తెప్పిద్దామంది. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

"మా కాకినాడలో యాభై మందికైనా ఇట్టే చేసేస్తామండి అత్తయ్యా. మీరు కుర్చీలో కూర్చుని చూడండి చాలు" అన్నాను. నిజానికి పుట్టి బుద్ధెరిగాక నలుగురికి మించి వండి ఎరగను.

ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నానికల్లా రుబ్బడం అయింది. పెద్ద స్టీలు డబ్బాలో అంచుదాకా పోశాను. సాయంత్రం అందరూ చర్చి అలంకరణకు బయల్దేరారు. అత్తయ్య గుమ్మం దాటబోతూ ఆగి చెప్పింది.

"గిక్కడి చలికి పిండి ఊకె పొంగదు బిడ్డా. తలుపెనక మీ మామయ్య కోటుంటది. దాన్నే డబ్బాకు చుట్టి పెట్టు."

బుద్ధిగా తల ఊపాను. మనసులో మాత్రం, పిండికి కోటేమిటి, ఇంకా నయం సాక్సులు కూడా తొడగమనలేదు అనుకున్నాను.

చీకటి పడేవేళకు మూత తీసి చూద్దును కదా, ఒక్క బుడగ లేదు. వేలు పెడితే ఐసులా జిల్లుమంది. పొద్దున ఆరున్నరకు పదిహేను మంది ఆకలితో వస్తారు. నేను కొట్టిన గొప్పలు గుర్తొచ్చి మజ్జిగ గిన్నె అందుకున్నాను. ఒక గ్లాసుడు పుల్లమజ్జిగ పోశాను. చాలదనిపించి ఇంకో గ్లాసు పోశాను. డబ్బాను ఈడ్చుకెళ్ళి, సెగ ఆరని బాయిలరుకు ఆనించాను. అప్పుడు గుర్తొచ్చింది కోటు. తలుపు వెనక చెయ్యి పెడితే మెత్తగా, బరువుగా, నల్లగా దొరికింది. డబ్బాకు చుట్టి గుండీలు కూడా పెట్టేశాను. చేతులు రెండూ ముందుకు తెచ్చి ముడివేశాను. అచ్చం మామయ్య చేతులు కట్టుకుని కూర్చున్నట్టే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఇల్లు సర్దుకుని పడుకున్నాను.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి తెల్లవారాల్సి వచ్చింది. అత్తయ్య చెప్పిన కోటు వర్క్‌షాపుకు వేసుకెళ్ళిన పాతది. అది ఆ మేకుకే ఉంది. కానీ నాఫ్తలిన్ వాసన పోవాలని, మామయ్య ఆ మధ్యాహ్నమే దానిమీద తన సూటు కోటు తగిలించారు. మా ఆడపడుచు పెళ్ళికి రెజిమెంటల్ బజార్లో కుట్టించుకున్న ఒకే ఒక్క కోటు అది. పొద్దున హడావుడిలో మర్చిపోతానేమోనని, వాక్యం రాసుకున్న కాగితం కూడా దాని లోపలి జేబులో పెట్టుకున్నారు.

తెల్లవారుజామున మామయ్య పిలుపుకు మెలకువ వచ్చింది.

"సునీతా, నా కోటు గిక్కడెందుకు కూసున్నదమ్మా?"

పరుగెత్తాను. పిండి పొంగింది. కాకినాడలో కూడా ఎన్నడూ అంత పొంగలేదు. మూత తోసేసి, కాలరు మీదుగా దిగి, గుండీల సందుల్లోంచి బయటికొచ్చి, రెండు చేతుల్లోకీ దూరి, జేబులన్నీ నింపింది. మామయ్య లోపలి జేబులోంచి కాగితం తీశారు. ఒక్క అక్షరం మిగల్లేదు. ఇంకు కరిగి, దానికి అంటుకున్న పిండి లేత నీలం రంగుకు తిరిగింది. అత్తయ్య వచ్చి చూసి, కట్టు కట్టిన చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందో నవ్వు ఆపుకుంటోందో తెలియలేదు. నేను మాత్రం భోరున ఏడ్చాను.

"ఏడ్వకమ్మా. పిండైతే మంచిగ పొంగింది గద" అన్నారు మామయ్య. "ముందుగాల వచ్చేటోళ్ళకు ఇడ్లీలు పెట్టు."

డబ్బాలో మిగిలిన పిండితో ఇడ్లీలు వేశాను. దూదిలా వచ్చాయి. క్వయర్‌వాళ్ళు అడిగి మరీ వేయించుకున్నారు. ఒకావిడ, ఏదో కొత్త వాసన, ఏం కలిపావమ్మా అంది. కాకినాడ పద్ధతండీ అన్నాను.

ఇక మామయ్యకు కోటు కావాలి. పాత కోటు నిండా గ్రీజు మరకలు. మా ఆయన కోటు మామయ్య భుజాలు దాటి ఎక్కనంది. చలి చూస్తే ఎముకలు కొరికేస్తోంది. చివరికి సరిపోయింది మా పెద్దమ్మ నాకు వదులుగా అల్లిన స్వెట్టరు ఒక్కటే. నెమలికంఠం రంగు, ముందువైపు ముత్యాల గుండీలు. మామయ్య అదే వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని బయల్దేరారు.

ఆయన వేదిక ఎక్కగానే నేను తల దించుకున్నాను. చేతిలో కాగితం లేదు. అక్కడున్న బైబిల్లో సన్న అక్షరాలు ఆయన కళ్ళకు ఆనవు. నా కారణంగా ఆ పెద్దమనిషి అందరిముందూ నోరు పెగలక నిలబడిపోతారని నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు మామయ్య తలెత్తి, మా అందరి మొహాలూ చూస్తూ, మొదలుపెట్టారు. ఒక్క మాట తడబడలేదు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, చివరిదాకా చెప్పారు. అత్తయ్య పమిటతో కళ్ళు తుడుచుకుంది. నేను రెండోసారి ఏడ్చాను.

బయటికొచ్చాక అయ్యగారు ఆయన చేతులు పట్టుకుని, ఇన్నేళ్ళూ ఆఖరి బెంచీలో ఎందుకు దాక్కున్నారని అడిగారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఆ స్వెట్టరు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. దారిలో నేను క్షమించమంటే మామయ్య నవ్వేశారు.

"గీ చలికి నీళ్ళు జల్ది కాగలే, గదే మంచిదైంది. కాగితే నాకు సగమే నోటికొచ్చేటిది."

కోటును ఎన్నిసార్లు ఉతికించినా పుల్లటి వాసన పోలేదు. ఇగ నీదే ఉంచుకోమని నాకిచ్చేశారు. నా స్వెట్టరు మాత్రం తిరిగి రాలేదు. తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ అదే వేసుకుని, కాగితం లేకుండానే, వాక్యం చెప్పారు. మామయ్య పోయి నాలుగేళ్ళు. క్వయర్‌వాళ్ళు ఇప్పటికీ వస్తారు, పిండి ఇప్పటికీ ఆ కోటే తొడుక్కుంటుంది. చలికాలం వచ్చిందంటే ఒకప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆయన కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూస్తాను.

అందుచేత పాఠకమహాశయుల సమక్షంలో, కుడిచెయ్యి ఇడ్లీ కుక్కరు మీద ఉంచి ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, జేబులు వెతకకుండా ఏ కోటూ పిండికి తొడగను. నిన్న సాయంత్రం కూడా వెతికాను. లోపలి జేబు మూలన, ఎండిపోయిన పిండి పెచ్చు ఒకటి చేతికి తగిలింది. దీపం దగ్గర చూస్తే ఇంకా కొంచెం నీలంగానే ఉంది. మళ్ళీ అక్కడే పెట్టి, గుండీలు పెట్టేశాను.