స్టోరక్క చెప్పిన కంప్యూటర్ మాటలు

బస్సు డిపోలో మెకానిక్కులందరికీ ఆమె స్టోరక్క. స్పేర్ పార్టుల స్టోరులో ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఏ బస్సుకు ఏ నట్టు పడుతుందో, అది ఎన్నో ర్యాకులో ఎన్నో అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ముక్కు మీద కోపం మనిషి. చీటీ లేకుండా సామాను అడిగితే డ్రైవరని చూడదు, మేనేజరని చూడదు, నాలుగు దులిపి పంపిస్తుంది. అంత నోరున్న మనిషి నోరు ఎలా మూతపడిందన్నదే ఈ కథ.

ఇష్యూ కౌంటర్లో కూర్చునే ఆమెను స్టోరక్క ‘వదినా’ అని పిలిచేది. ఆమె కూడా స్టోరక్కను ‘వదినా’ అనే పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. చేరిన కొత్తలో మా చెల్లెల్ని మీ తమ్ముడికి చేసుకోమంటే మా చెల్లెల్నే మీ తమ్ముడికి చేసుకోమని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. తమ్ముళ్లు వాళ్లకు నచ్చినవాళ్లను చేసుకుని పోయారు, పిలుపు మాత్రం మిగిలిపోయింది.

ఇద్దరికీ చెరో సొరుగు ఉండేది. స్టోరక్క సొరుగు రెండో తాళంచెవి వదిన దగ్గర, వదినది స్టోరక్క దగ్గర. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ల పని ఆగకూడదని వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. ఇన్నేళ్లలో ఏ సొరుగులోంచీ గుండుసూది కూడా పోలేదు.

అలాంటి స్టోరులోకి ఒకరోజు కంప్యూటరు వచ్చింది. వారం రోజులు శిక్షణ అన్నారు. వచ్చిన కుర్ర మాస్టారు ర్యామ్ అన్నాడు, ప్రాసెసర్ అన్నాడు, తెర మీద బాణం గుర్తును అటూ ఇటూ పరుగెత్తించాడు. వినేవాళ్ల బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కలేదు. వదిన అయితే మౌస్ పట్టుకోమంటే పాము పిల్లను పట్టుకోమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

స్టోరక్క ఊరుకుంటుందా? పాత చీటీల వెనకవైపు ఆ మాటలన్నీ రాసుకుని, ఇంటికెళ్లి కూడబలుక్కుని, తనకు అర్థమైన తీరులోకి మార్చుకుంది. మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు వదినను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది.

“చూడు వదినా. ఈ ర్యాకులు, ఈ తక్కెడ, ఈ సుత్తి, ఇవన్నీ చేత్తో ముట్టుకోగలం కదా. అది హార్డ్‌వేరు. ఏ బస్సుకి ఏ బేరింగు పడుతుందో నా బుర్రలో ఉందే, అది సాఫ్ట్‌వేరు. ముట్టుకోలేవు. అది లేకపోతే మాత్రం ఈ ర్యాకులన్నీ ఉత్త ఇనుము.”

“మరి మా అన్నయ్య హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?” అంది వదిన. స్టోరక్క మొగుణ్ణి ఆమె అన్నయ్య అనే అనేది.

“ఆయన ప్రింటరు. మనం అడిగింది ఇవ్వడు, చప్పుడు మాత్రం చేస్తాడు.”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే మిగతావన్నీ వదినకు వచ్చేశాయి. హార్డ్ డిస్కంటే ర్యాకులు, సామాను అక్కడే ఉంటుంది. ర్యామ్ అంటే కౌంటరు బల్ల, ప్రస్తుతం కావాల్సినవి దాని మీద పరుచుకుంటాం. కరెంటు పోతే బల్ల మీదున్నది మాయమైపోతుంది, అందుకే ఎప్పటికప్పుడు ర్యాకులో పెట్టేయాలి, దాన్నే సేవ్ చేయడం అంటారు. ఫైలంటే ఒక పెట్టె, ఫోల్డరంటే పెట్టెలు పెట్టుకునే అర. మెయిలంటే ఉత్తరం. పనికిరాని ఉత్తరాన్ని డిలీట్ చేస్తే అది పోయినట్టు కాదు, తుక్కు గదిలోకి వెళ్తుంది. తుక్కు గది కూడా ఖాళీ చేస్తేనే పోయినట్టు. వదిన ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకుని, తలూపి, మర్నాడు అప్పజెప్పేది. స్టోరక్కకు అదో గర్వం.

తర్వాత యూజర్ నేమూ పాస్‌వర్డూ ఇచ్చారు. “యూజర్ నేమంటే సొరుగు మీద రాసిన పేరు. పాస్‌వర్డంటే తాళంచెవి” అని చెప్పింది స్టోరక్క. చెప్పి, తాళంచెవితో ఏం చేసేవాళ్లో దీంతోనూ అదే చేసింది. చీటీ మీద తన పాస్‌వర్డు రాసి వదిన సొరుగులో పెట్టింది. వదినా తనది రాసి ఇచ్చింది. వద్దని శిక్షణలో చెప్పకపోలేదు. కానీ అది పరాయివాళ్ల సంగతి అనుకుంది మహాతల్లి.

ఏడాది తిరిగాక పెద్దాఫీసు నుంచి కబురు వచ్చింది. డిపోకొక కంప్యూటర్ స్టోర్ ఇన్‌చార్జి ఉంటారు. చుట్టుపక్కల డిపోల నుంచి వచ్చే కొత్తవాళ్లకు పని నేర్పేది కూడా వాళ్లే. మిగిలినవాళ్లు టైర్ షెడ్డుకు పోవాలి. స్టోరక్క ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే పెట్టుకుంది. కుర్చీ కోసం కాదు, నేర్పడం కోసం. జీవితంలో మొదటిసారి తనకు అరవకుండా చేయగలిగిన పని ఒకటి దొరికింది.

“నువ్వూ దరఖాస్తు పెట్టవే” అంది వదినతో.

“నాకెందుకు వదినా, అది నీదే” అంది వదిన.

ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ల జాబితా గోడకు అంటించారు. స్టోరక్క పేరు లేదు. వదిన పేరు ఉంది. పొరపాటు పడ్డారనుకుని విసవిసా మేనేజరు గదికి వెళ్లింది.

“అదేంటమ్మా, మీరే వద్దని మెయిలు పెట్టారుగా” అంటూ మేనేజరు తెర ఆమె వైపు తిప్పాడు.

ఆమె యూజర్ నేముతోనే వచ్చింది. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు కూర్చోలేననీ, తన దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాననీ, తన కంటే చక్కగా పని నేర్చుకున్న తోటి ఉద్యోగిని పేరు పరిశీలించమనీ ఉంది. పంపింది మంగళవారం మధ్యాహ్నం. ఆ మంగళవారం ఆమె ఆస్పత్రిలో మోకాలికి ఎక్స్‌రే తీయించుకుంటోంది. మోకాలి సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పింది ఒక్కరికే.

మేనేజరునడిగి అదే కంప్యూటర్లో తన మెయిలు తెరిచి పంపిన ఉత్తరాల్లో వెతికింది. లేదు. తుక్కు గదిలో వెతికింది. అది కూడా శుభ్రంగా ఖాళీ చేసి ఉంది. ఎంత చక్కగా నేర్పానే నీకు, అనుకుంది.

“నేను పంపలేదు సార్.”

“మీ పాస్‌వర్డు ఇంకెవరికైనా తెలుసా?”

“మా వదినకి తెలుసు.”

మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మంచివాడే, కానీ కాగితం మనిషి. “అదే రాసివ్వండి. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. పాస్‌వర్డు ఇంకొకరికివ్వడం మీ తప్పు, అది మీరు ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె వాడిందన్నది మాత్రం రుజువు చేయాలి. ఎలా చేస్తారు?”

స్టోరక్క నోరు తెరిచింది. మాట రాలేదు. డిపో మొత్తాన్ని గడగడలాడించిన నోరు అది.

కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. వదిన తలెత్తలేదు.

“నువ్వేనా?”

వదిన బుకాయించలేదు. “ఆ టైర్ షెడ్డులో నేను చచ్చిపోతాను వదినా. నువ్వు ఎక్కడున్నా నెగ్గుకొస్తావు. నీకు తెలివుంది, నోరుంది. నాకేముంది?”

“నన్ను అడగాల్సింది.”

“అడిగితే ఇచ్చేదానివా?”

ఇచ్చేదాన్నని చెబుదామనుకుంది స్టోరక్క. అబద్ధం గొంతు దాటలేదు. ఇచ్చేది కాదు. అయినా అడిగి కాదనిపించుకోవడం వేరు, వెనక నుంచి వచ్చి తన చేత్తోనే తన పేరు కొట్టేయించడం వేరు. అల్మరాలోంచి తన సంచీ తీసుకుని వచ్చేసింది. కాగితం రాసివ్వలేదు. ఎందుకివ్వలేదని మొగుడు పోరితే, “ఇరవై రెండేళ్లు కలిసి అన్నం తిన్నాం, ఏమని రాయను?” అని ఏడ్చింది.

ఇన్‌చార్జి కుర్చీ వదినకు దక్కింది, స్టోరక్క టైర్ షెడ్డుకు పోయింది. రెండు నెలలు గడిచాయి. టైర్ షెడ్డులోకి కూడా కంప్యూటరు వస్తోందనీ, అందరూ కొత్త పాస్‌వర్డులు తీసుకోవాలనీ అన్నారు. నల్లబడ్డ చేతులు తుడుచుకుంటూ స్టోరక్క స్టోరులో ఇన్‌చార్జికని కొత్తగా కట్టిన అద్దాల గది ముందుకొచ్చి వరసలో నిలబడింది. లోపల వదిన, ఆమె ఎదురుగా కొత్తగా వచ్చిన ఆరుగురు.

“ర్యామ్ అంటే కౌంటరు బల్ల అనుకోండి” అంటోంది వదిన. తడబాటు లేదు, బెదురు లేదు. “ఇక మా ఆయన సంగతంటారా, ఆయన ప్రింటరు.” ఆరుగురూ ఘొల్లుమన్నారు. స్టోరక్కకు ఒళ్లు మండింది. ఉద్యోగం పోయినప్పుడు కూడా అంత మండలేదు. తన మొగుడి మీద తను వేసుకున్న జోకు కూడా ఎత్తుకుపోయింది.

వరస కదిలింది. ఆమె వంతు వచ్చింది. వదిన తెర వైపే చూస్తూ, చిన్న చీటీ మీద కొత్త పాస్‌వర్డు రాసి, మడిచి, బల్ల మీదుగా తోసింది. అందరికీ చెబుతున్న మాటే ఈమెకూ చెప్పింది.

“ఇది ఎవరికీ చెప్పకు వదినా.”

స్టోరక్క చీటీ తీసుకుని రవిక లోపల దోపుకుంది.

“చెప్పడానికి నాకింకెవరున్నారు?” అంది.