నాలుగున్నర జ్వరం

మా నాయనకు సాయంత్రం నాలుగున్నరకు జ్వరం వచ్చేది. సరిగ్గా ఆవుకు పాలు పిండాల్సిన వేళకు, టమోటా మడికి నీళ్ళు కట్టాల్సిన వేళకు. దుప్పటి కప్పుకుని వణికి, చెమటతో తడిసి ముద్దయ్యి, తెల్లారేసరికి శుభ్రంగా మనిషయ్యేవాడు. పొద్దున్నే చెంబుడు పచ్చిపాలు నురగతో సహా తాగి, మీసం తుడుచుకుని, పుంగనూరు పోవడానికి చొక్కా తొడుక్కునేవాడు. పది రోజులు ఇట్లా వచ్చి, పదిహేను రోజులు మాయమై, మళ్ళీ దిగేది. ఇంత టైము పాటించే జ్వరాన్ని ఏ భార్య నమ్ముతుంది చెప్పండి!

"పని యాళకు ఎక్కుతాది, పని అయిపోతే దిగతాది. దొంగ జరం," అని మా అమ్మ తేల్చేసింది. ఒక్కరోజు కాదు, ఏడాదిన్నర తేలుస్తూనే ఉండింది.

మాది పెద్దపంజాణి వైపు ఒక పల్లె. నేను మదనపల్లెలో బస్టాండు దగ్గర చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా పని చేసేదాన్ని. చదువుకున్న కూతుర్ని కదా అని ఒక థర్మామీటరు కొనిచ్చాను. మా అమ్మ దాన్ని పొద్దున పూట, అంట్లు తోమి తీరిక చేసుకుని పెట్టి చూసేది. తొంభై ఎనిమిది. "సూడప్పా, గాజుపుల్ల గూడా నువ్వు బాగుండావనే సెప్తాండాది," అనేది. సాయంత్రం పెట్టి చూడమని నాయన గొంతు చించుకునేవాడు. సాయంత్రం ఆమెకు తీరికెక్కడిది? ఆయన చేయాల్సిన పని కూడా ఆమే చేస్తూ ఉండేది కదా.

నా యోగ్యత అంతకంటే గొప్పదేం కాదు. మా ల్యాబులో ఎవరికి జ్వరం వచ్చినా టైఫాయిడ్ పరీక్షే. వచ్చినవాళ్ళలో చాలామందికి అది ఎంతో కొంత ఉన్నట్టే చూపించేది, మేమూ ఎంతో కొంత రాసి పంపేవాళ్ళం. నాయన రక్తం మూడుసార్లు తీశాను. మొదటిసారి టైఫాయిడ్ అనుమానం అన్నాం, రెండు వారాలు గంజి తాగాడు. రెండోసారి మలేరియా కోసం స్లైడు చూశాను, ఏమీ లేదు. మూడోసారి అసలేమీ లేదు.

"నీ రక్తంలో ఏం లేదు నాయనా," అన్నాను.

"ఏం లేకుండానే ఒళ్ళు యాల మండతాంది పాపా?"

పుంగనూరులో ఒక డాక్టరు టీబీ అని గట్టిగా నమ్మి, ఎక్స్‌రే శుభ్రంగా వచ్చేసరికి నిరాశపడిపోయాడు. గుర్రంకొండ నుంచి వచ్చిన మేనత్త దిష్టి అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, ఇంటిల్లిపాదీ దగ్గి చచ్చాం. టీ అంగడి దగ్గర ఆయన ఈడువాళ్ళు గడియారం చూసుకుని, "ఏమప్పా, నీ నాలుగున్నర బస్సు ఈ పొద్దు టయానికే వస్తాదా?" అని అడిగేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. నాయన కూడా నవ్వేవాడు, కానీ తర్వాత్తర్వాత టీ అంగడికి పోవడం మానుకున్నాడు.

ఇంతలో ఆయన చొక్కాలు వదులైపోయాయి. నడుము పట్టేసి, మంచం మీది నుంచి లేవడానికి గోడ పట్టుకునేవాడు. నాకు భయం వేసేది. భయం వేసినా అమ్మ పక్షమే మాట్లాడేదాన్ని, ఎందుకంటే నా మూడు రిపోర్టులూ అమ్మ పక్షమే.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పం వైపు ఒక మెడికల్ కాలేజీలో పరిశోధనకు టెక్నీషియన్ కావాలంటే పోయి చేరాను. ఆ పని నడిపే డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, సన్నగా, గాలి వేస్తే పడిపోయేటట్టు ఉండేది గానీ మాట మహా పట్టుగా ఉండేది. పశువులు సాకే ఇళ్ళలో మనుషులకు వచ్చి పోయే జ్వరాల మీద ఆమె పరిశోధన. బ్రూసెల్లా అనే క్రిమి ఒకటుందట. ఆవులకు ఈడుపు వేయిస్తుంది, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోతుంది; పచ్చిపాల ద్వారానో, ఈనేటప్పుడు చేతులు పెట్టినవాళ్ళ ద్వారానో మనుషులకు ఎక్కుతుంది. క్రిముల్ని పట్టి తినాల్సిన కణాలు మన ఒంట్లో ఉంటాయి కదా, ఇది పోయి వాటి లోపలే దాక్కుంటుంది. పోలీస్ స్టేషన్లోనే కాపురం పెట్టిన దొంగ అన్నమాట. అప్పుడప్పుడూ బయటికి వచ్చి ఒళ్ళు కాల్చి, మళ్ళీ లోపలికి పోయి పడుకుంటుంది. అందుకే జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, టైఫాయిడ్ మందుకు లొంగదు.

డాక్టరమ్మ ఇదంతా చెబుతుంటే నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. సాయంత్రం జ్వరం, చెమటలు, నడుము నొప్పి, బరువు తగ్గడం. ఆదివారం ఊరికి పోయి ఆమె పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నాయనకు తెలుగు చేసి వినిపించాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నా జరం మీద సదువుకునేవాళ్ళు ఉండారా! సాయంకాలం వస్తాదని రాసుండాదా? ఇంకోసారి సదువు." చదివాను. వంటింటి వైపు తిరిగి, "వింటాండావా?" అని కేక వేశాడు.

"పుస్తకంలో రాసిందంతా నీకే వస్తాదా? పురుడు గూడా రాసుంటారు," అని లోపలి నుంచి జవాబు.

పరిశోధనకు ఒక పద్ధతి ఉంది. మొదట ఊళ్ళో ఆవుల పాలు పరీక్ష చేయాలి. ఏ ఊళ్ళో ఆవులకు జబ్బు కనబడితే, ఆ ఊళ్ళోనే మనుషుల రక్తం తీయాలి. రామసముద్రం వైపు రెండు ఊళ్ళు, మా వైపు రెండు ఊళ్ళు లిస్టులో పడ్డాయి, అందులో మాది ఒకటి. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తొస్తాయి అందరికీ, మా ఊళ్ళో ఉన్నవన్నీ లారీ మాదిరి జెర్సీలు. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ సీసా ఇచ్చి, "మీ ఆవు పాలు ఇందులో పోసి ఉంచండి," అని చెప్పి, మర్నాడు పొద్దున బడి వరండాలో కూర్చుని పోగుచేశాను. ఆడవాళ్ళందరూ కొంగుతో తుడిచిన సీసాలు తెచ్చి ఇచ్చారు. ఒకామె సీసాకు పసుపు బొట్టు కూడా పెట్టింది. థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టుకుని, పలమనేరులో బస్సు మారి, కుప్పం చేర్చాను.

పరీక్ష తేలికే. సన్న గొట్టంలో పాలు పోసి, నీలం రంగు మందు ఒక చుక్క వేసి, గంటసేపు వెచ్చగా ఉంచాలి. ఆవుకు జబ్బు ఉంటే నీలమంతా పైకి పోయి మీగడ దగ్గర ఉంగరంగా నిలబడుతుంది. లేకపోతే పాలన్నీ నీలంగానే ఉండిపోతాయి. ఆ రోజు వరసగా పెట్టిన గొట్టాలన్నీ నీలంగానే ఉండిపోయాయి. రామసముద్రం ఊళ్ళూ అంతే.

"మీ వైపు ఆవులు చాలా ఆరోగ్యంగా ఉన్నాయండీ," అంది డాక్టరమ్మ ఏడుపు మొహంతో. ఆరోగ్యం చూసి దిగులుపడే మనుషుల్ని నేను అక్కడే చూశాను.

ఇంటికి పోయి చెప్పాను. మా ఊరు లిస్టులో నుంచి తీసేస్తున్నారని, రక్తాలు తీయడం లేదని.

అమ్మ పాలచెంబు తీసుకుని ఆవు దగ్గరికి పోయింది. గెలిచానని అననక్కర్లేదని ఆమెకు తెలుసు. నాయన దుప్పటి మీదికి లాక్కుని, "అయితే నాకు జరం రాలేదంటావా పాపా?" అన్నాడు. ఆ పూట ఆయన ఒళ్ళు కాలిపోతూ ఉండింది. నేనే చెయ్యి పెట్టి చూశాను.

దాంతో నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. కుప్పం పోయి, ఒక్కసారి మీరే వచ్చి చూడండి మేడం అని డాక్టరమ్మ ప్రాణం తీశాను. ఆమెకు కూడా నాలుగు ఊళ్ళలో ఒక్క ఆవుకూ జబ్బు లేదంటే మనసు ఒప్పుకోలేదేమో, మర్నాడే జీపులో బయలుదేరింది. ముందే చెప్పకుండా, పొద్దున ఆరున్నరకు మా ఇంటి ముందే దిగాం. మా అమ్మ డాక్టరమ్మను చూసి కంగారుపడి, పీట వేసి, సీసా ఇచ్చి ఆవు పాలు అడిగితే లోపలికి పరుగెత్తి, నింపి, కొంగుతో పట్టుకుని తెచ్చి చేతిలో పెట్టింది.

"అబ్బా!" అని డాక్టరమ్మ సీసా వదిలేసింది. నేను పట్టుకోబోయి నా చెయ్యీ కాల్చుకున్నాను.

"ఇంత వేడిగా ఉన్నాయేంటమ్మా?"

"ఇప్పుడే దించినా మేడం. మూడు పొంగులు రానిచ్చినా," అంది అమ్మ, మెచ్చుకోలు కోసం చూస్తూ.

డాక్టరమ్మ మంచం మీద కూలబడింది. పాలు కాగితే ఆ పరీక్ష చచ్చినా పని చేయదు. పట్టించాల్సిన గుర్తు కాస్తా ఆ పొంగులోనే పోతుంది.

"పోయినసారి కూడా కాంచే ఇచ్చావా?" అన్నాను.

"కాంచకుండా ఎట్ల ఇస్తారే? డెయిరీకి పోసేవి గంటలో పోతాయి. నీ సీసాలు కుప్పం దాకా బస్సులో పోవల్ల. ఆడ విరిగిపోతే ఊరి పరువేం కావల్ల?"

ఇంటింటికీ తిరిగాం. పోయినసారి అందరూ కాచే ఇచ్చారు. ఒకరిని చూసి ఒకరు కాదు, ఎవరికి వాళ్ళు బుద్ధిగా ఆలోచించుకుని కాచారు. పెద్దింటి కోడలు డాక్టర్లు తాగుతారేమోనని కాస్త చక్కెర కూడా వేసింది. ఇంకో ముసలామె తన ఆవు వట్టిపోయిందని, పొరుగింటి పాలు అడిగి తెచ్చి మరీ ఇచ్చింది. పాలు పోసి ఉంచండి అన్నానే గానీ పచ్చివి అనలేదు నేను. ఇరవై ఏళ్ళు అక్కడే పెరిగి, ప్రయాణం పోయే పాలు కాచకుండా ఎవరూ ఇవ్వరని తెలిసి కూడా అనలేదు. అమ్మను తిట్టడానికి నాకు మొహం లేకపోయింది.

ఈసారి డాక్టరమ్మ నిలబడి పితికించుకుంది. కుప్పంలో గంట తర్వాత గొట్టాలు చూస్తే, కొన్నింటిలో పాలు తెల్లగా, పైన ముదురు నీలం ఉంగరం. అందులో మా ఆవు కూడా ఉంది. వారంలో ఊళ్ళో రక్తాలు తీశాం. నాయన రక్తం మీద తేరిన నీటి చుక్క నేనే గాజుపలక మీద వేసి, గులాబీ రంగు మందు కలిపి, పలకను అటూ ఇటూ ఊపాను. నిమిషం కూడా పట్టలేదు. రవ్వ చల్లినట్టు గులాబీ పలుకులు విడివడ్డాయి, అంటే జబ్బు ఉన్నట్టే. మూడుసార్లు ఏమీ లేదని రాసిన చేత్తో పలక పట్టుకుని, అక్కడే నిలబడి ఏడ్చాను. సంతోషమో సిగ్గో ఇప్పటికీ చెప్పలేను.

నాయననూ అమ్మనూ కుప్పం పిలిపించాం. జ్వరం మొదలయ్యే ముందు ఆవు ఏడో నెలలో ఈడుపు వేసిందని, చచ్చిన దూడను నాయనే చేతులు పెట్టి లాగాడని డాక్టరమ్మ అడిగి తెలుసుకుంది. "మీకు జ్వరం ఉంది. ఏడాదిన్నర నుంచీ ఉంది," అంది.

"కొంచెం గట్టిగా సెప్పండి మేడం," అన్నాడు నాయన, అమ్మ వైపు చూస్తూ.

"ఇంకొకసారి సూడండి మేడం," అంది అమ్మ. ఆమెను లోపలికి తీసుకుపోయి కొత్తగా ఒక పలక చేసి చూపించాను. వంగి చూసింది. పలుకులు విడివడేదాకా చూసింది. ఆ తర్వాత ఊరు చేరేదాకా ఆమె నోరు తెరవలేదు, అది మా ఇంట్లో కనీవినీ ఎరగని సంగతి. ఇంటికి పోయాక పొయ్యి వైపు తిరిగి, "తప్పయిపొయ్యింది," అంది.

"ఏమంటాండావు? ఇనపళ్ళేదు."

"నీకొచ్చింది జరం. చెవుడు కాదు," అని గిన్నె ఎత్తి దడేల్మని పెట్టింది. కానీ ఆ రోజు నుంచీ మాత్రలు ఆమే లెక్క చూసి నోట్లో వేసేది.

ఆరు వారాల మందు. అందులో ఒకదానికి మూత్రం కాషాయం రంగులో వస్తుందని చెప్పడం నేను మరిచిపోయాను. మూడో రోజు నాయన పక్కూరి టెలిఫోన్ బూత్ నుంచి ఫోను చేసి, పాపా, నేను పోతాండా, మీ అమ్మను బాగా సూసుకో అని ఏడ్చాడు. ఆవును వేరే పాకలో కట్టేసి, ఎవరికీ అంటగట్టొద్దని పశువుల డాక్టరు చెప్పిపోయాడు. నాయనకు పచ్చిపాలు బందయ్యాయి. జ్వరం తగ్గిందో లేదో చూడక ముందే ఆయన తన రిపోర్టును పుంగనూరులో లామినేషన్ చేయించుకుని టీ అంగడికి తీసుకుపోయాడు. "ఏ క్లాసులో పాసయినావప్పా?" అని అడిగారంట.

మందు అయిపోయాక చివరిసారి చూపించుకుని కుప్పం నుంచి వస్తూ, పలమనేరు బస్టాండులో కూర్చున్నాం. నాయన మొహం నిండింది. అమ్మ జామకాయలు బేరమాడడానికి పోయింది. ఆమె దూరం పోయేదాకా చూసి, నాయన నా వైపు తిరిగాడు.

"ఒక మాట అడగతా, నిజం సెప్పు పాపా. నువ్వు గూడా నాది దొంగ జరమనే అనుకుంటివా?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన కళ్ళు చూశాక రాలేదు. "అనుకున్నా నాయనా," అన్నాను.

ఆయన తలాడించాడు. కోపం లేదు.

"కడాకు నేను గూడా అట్లే అనుకుంటా ఉంటినమ్మా," అన్నాడు. "అందురూ అంటాండారు గదా, నిజమేనేమో, పని ఎగ్గొట్టేదానికే నాకు ఒళ్ళు మండతాందేమో అని. వణకతా వణకతా, లెయ్ రా దొంగనాయాలా, అని నన్ను నేనే తిట్టుకుంటా పండుకునేవాణ్ణి."