రెడువిడ్ నల్లి కుట్టిన పొద్దు

వ్యవసాయ డిప్లొమా పూర్తయిన కొత్తలో అడవి అంచున ఉన్న పెదనాన్న పత్తి చేనుకు వెళ్లాను. ఆయన అప్పటికే మందు పంపు భుజాన వేసుకున్నాడు. మందు కొడితే పత్తి పురుగులతో పాటు వాటిని తినే రెడువిడ్ నల్లులూ చస్తాయి.

"ఆగు పెద్దనాయనా, పురుగులల్ల మన దోస్తులు గూడ ఉన్నయ్."

"ఏదీ, చూపెట్టు!"

ఒక నల్లిని చూపించి వరసగా చెప్పాను. ఒకటి, ఆకు మీద కదలకుండా కాపు కాస్తుంది. రెండు, దగ్గరికొచ్చిన పురుగును ముందుకాళ్లతో పట్టేస్తుంది. మూడు, సూది లాంటి ముక్కు గుచ్చి, లోపలిదంతా కరిగించి పీల్చేస్తుంది. ఆ ముక్కు చూపిద్దామని దాన్ని చేత్తో పట్టుకున్నాను. నా వేలికే గుచ్చింది. కెవ్వున అరిచాను.

పెదనాన్న పగలబడి నవ్వాడు. "మంచి దోస్తే దొరికిండురా నీకు! నీకే గిట్లయితే ఇగ పురుగు గతేంది?" అంటూ పంపు కింద పెట్టాడు. "వారం దినాలు మందు కొట్టను తియ్. గప్పటిదాంక నువ్వు దాన్ని ముట్టకు."