మా వదిన బాణీ, ఉస్తాద్ క్లారినెట్

నాకు పాట నేర్పిన మొదటి మనిషి మా వదిన. నేర్పుతున్నానన్న సంగతి ఆమెకు తెలియదు.

మాది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. బాపు, అన్న, నేను. ముగ్గురం మగవాళ్ళమే కావడంతో ఇంట్లో మాటలు తక్కువ. సరుకు వచ్చిందా, అన్నం అయిందా, అంతవరకే. అన్నకు పెళ్ళయి, నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వదిన కాపురానికి వచ్చాకే ఆ ఇంట్లో ఒక గొంతు వినిపించింది.

ఆమె వెనక వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ పాడేది. బాణీ ఎప్పుడూ ఒక్కటే. మాటలు మాత్రం ఏ రోజువి ఆ రోజువే. గోడ మీద పిల్లి కనిపిస్తే పిల్లి మీద, నూనె డబ్బా కారితే డబ్బా మీద. ఒకనాడు దుకాణంలో ఎండుమిరప బస్తాలు దించారు. ఆ ఘాటుకు బాపు గల్లా దగ్గర కూర్చుని ఆగకుండా తుమ్ముతున్నాడు. లోపల వదిన అందుకుంది.

"మిరపకాయ ఘాటు వాయె మామ ముక్కుకు
తుమ్ముతాండు తుమ్ముతాండు పొద్దుగూకెదాక..."

నేను ఖాళీ బెల్లం డబ్బా బోర్లించి వాయించాను. అప్పటికి నాకు పదిహేనేళ్ళుంటాయి.

"వదినె, ఈ పాట ఎవలు కట్టిన్రు?"

"కట్టుడేంది తమ్మీ? ఆయన తుమ్మిండు, నేను పాడిన."

"రేపు గూడ గిదే పాడు మరి."

"రేపు మామ తుమ్మకపోతే ఎట్ల పాడుత?" అని ఆమె గింజను పళ్ళెంలోకి విసిరింది.

తరవాత నేను చాలా పాటలు కట్టాను. పాట ఎలా కట్టాలో అంతకన్నా సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

రెండో మనిషి ఉస్తాద్. మండీ బజారులో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు ఒకటి ఉండేది. దానికి పెద్ద ఆయనే. క్లారినెట్ ఊదేవాడు. సన్నటి మనిషి, గోరింట పెట్టిన గడ్డం, భుజాల దగ్గర వెలిసిపోయిన ఎర్ర కోటు. ఒక సాయంత్రం వక్కలు కొనడానికి వచ్చి, లోపలి నుంచి వస్తున్న డబ్బా దరువు వింటూ నిలబడిపోయాడట. నన్ను పిలిపించి నా చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"చెయ్యి సాఫ్‌గ ఉన్నది. మూతి ఎట్లుంటదో సూద్దాం. జర మా దిక్కు రా బేటా."

వెళ్ళాను. ఆయన నాకు కూర్చోబెట్టి నేర్పలేదు. చేతికి క్లారినెట్ ఇచ్చి నడవమన్నాడు.

"కూసోని ఎవడైనా ఊదుతడు. పెండ్లి గుర్రం ముంగట నడుసుకుంట ఊదాలె. కాళ్ళ పని కాళ్ళది, ఊపిరి పని ఊపిరిది. సమజయిందా?"

బజారు నుంచి కోట దర్వాజా దాకా ఆయన వెనక నడుస్తూ ఊదేవాణ్ణి. మొదట్లో గాలి తప్ప ఏమీ రాలేదు. తరవాత స్వరం వచ్చింది కానీ పెదవులు మొద్దుబారిపోయేవి.

"ఉస్తాద్, నా మూతి నాకే తెలుస్తలేదు."

"తెల్వకపోతే ఏమాయె? సప్పుడైతె వస్తాంది గద. ఊదు."

ఇదంతా బాపుకు నచ్చలేదు. దుకాణదారు కొడుకు బ్యాండు వాళ్ళతో తిరగడమేమిటని అన్నం ముందు కూర్చుని అన్నాడు. బాపు ముందు ఎప్పుడూ నోరెత్తని వదిన, గడప అవతల నిలబడి జవాబిచ్చింది. "దుకాణం కట్టేసినంకనే పోతాండు గద మామా. పోనియ్యిరి." బాపు అన్నం కలుపుకున్నాడు.

ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, ఎండాకాలంలో వదినకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. అన్న ఆమెను హనుమకొండ దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టర్ రాసిన మందు బజారులో దొరకలేదు. మిలట్రీకి పోతోందని చెప్పారు. నేను గంజి పట్టుకుపోయేవాణ్ణి. ఆమె రెండు గుక్కలు తాగి చాలనేది. ఆఖరి రోజు కూడా అలాగే అంది.

"వసారల ఎండకు పోసిన చింతపండు ఎత్తిన్రా తమ్మీ?"

"ఎత్తిన వదినె."

"చీమలు పడ్తయి, సూడు." అని అటు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం పోయింది.

నాకు ఏడుపు రాలేదు. బాపు గోడకు తల ఆనించి ఏడ్చాడు. నెక్కొండ నుంచి వచ్చిన ఆమె తల్లి నేల మీద పడి ఏడ్చింది. అన్న బయట నిలబడి వచ్చినవాళ్ళందరికీ దండం పెడుతున్నాడు. నేను ఎదురింటి పెంకుల మీద ఆరేసిన తెల్లగుడ్డను చూస్తూ కూర్చున్నాను. గాలికి ఒక కొస లేస్తోంది. లేచినప్పుడల్లా ఎగిరిపోతుందేమో అనుకున్నాను. ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నది ఆ గుడ్డే.

దినాలయ్యాక ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన నా ముఖం చూసి క్లారినెట్ పక్కన పెట్టేశాడు. గోడకు వేలాడుతున్న పెద్ద డోలు దించి నా మెడలో వేశాడు.

"కొన్ని దినాలు నోటి పని వద్దు. చేతుల పని చెయ్."

ఆ వానాకాలమంతా డోలు వాయించాను. ఆ చప్పుడు కడుపులో తెలిసేది, అంతకు మించి ఎక్కడికీ పోయేది కాదు. తరవాత ఆయనే క్లారినెట్ మళ్ళీ చేతికిచ్చాడు.

మరుసటేడు అన్నకు మళ్ళీ పెళ్ళి కుదిర్చారు. అన్న వద్దనలేదు, కావాలనీ అనలేదు. బ్యాండు మాట్లాడింది బాపే. "బయటోళ్ళెందుకు, మనోడే ఊదుతడు" అన్నాడట ఉస్తాద్‌తో. నేను ఎర్ర కోటు తొడుక్కున్నాను. దాని చేతులు నాకు కొంచెం పొట్టి. అన్న గుర్రం మీద, నేను గుర్రం ముందు. మా బజారులో నుంచే ఊరేగింపు పోయింది. మా దుకాణం ముందు ఆగి, అప్పుడు జనం అడుగుతున్న సినిమా పాటలు వరసగా ఊదాం. అందరూ బాగుందన్నారు. అన్న వంక చూశాను. బాసికం కింద ఆయన ముఖం, కొట్టు తలుపులు మూసేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. నేనూ అలాగే ఉన్నానేమో.

పని అయ్యాక ఉస్తాద్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇయ్యాల నీ దగ్గర ఒక్క తప్పు పోలే."

మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

"గందుకే నాకు ఫికర్ అయితాంది బేటా. సొంత అన్న పెండ్లి. ఒక్క తప్పన్న పోవాలె. నువ్వు ఊదుతలేవు, నీ వేళ్ళు ఊదుతున్నయ్."

"మరి ఏం జెయ్యాలె ఉస్తాద్?"

"నీకు రాని బాజా ఏదన్న పట్టు. మొదట్నించి తప్పులు పోనీ."

అలా హార్మోనియం దగ్గరికి పోయాను. కోట వైపు ఒక భజన మందిరంలో వయసు మళ్ళిన పంతులు హార్మోనియం వాయించేవాడు. ఉస్తాద్ పంపాడంటే సరేనన్నాడు. ఎడమ చేయి తిత్తిని ఆడిస్తుంటే కుడి చేయి మెట్ల మీద నడవాలి. నా రెండు చేతులూ ఒకే పని చేయాలని చూసేవి. తప్పులు చాలా పోయాయి. పంతులు కసురుకునేవాడు.

కొన్నాళ్ళకు చేయి కుదిరింది. ఒకరోజు అనుకోకుండా వదిన బాణీ వెతకడం మొదలుపెట్టాను. మొదటి పాదం దొరికింది. రెండో పాదంలో ఒక చోట ఏ మెట్టు నొక్కినా అది కాదు. ఒకటి ఎక్కువ, దాని పక్కది తక్కువ. పంతులు కాసేపు విని తల ఊపాడు.

"నువ్వు ఎతికే స్వరం ఈ పెట్టెల లేదు నాయనా. రెండు మెట్ల నడుమ ఉన్నది. దగ్గరిదాన్ని పట్టుకోని పో."

దగ్గరిదాన్నే పట్టుకున్నాను. బాణీ కొంచెం మారింది. మాటలు లేవు. ఆమె మాటలు ఏ పూటకాపూటే అయిపోయేవి కనక, నా సొంత మాటలు పెట్టాను. పెద్ద సంగతేమీ కాదు. దుకాణం కట్టేసే వేళ ఒక మనిషి ఒక్కొక్క తలుపు చెక్కా తెచ్చి వరసలో పెట్టడం, చివరి చెక్క పెట్టే ముందు ఓసారి బజారు వంక చూడడం. నా మొదటి పాట అదే.

శనివారం భజన అయ్యాక దాన్ని పాడాను. అన్న అప్పుడప్పుడు అక్కడికి వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. ఆ రోజు వచ్చాడని పాట ముగిశాకే చూశాను. ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. దర్వాజా దాటాక అన్న అడిగాడు.

"గా బాణీ మీ వదినెదేనా?"

"అవునన్నా."

"మాటలో?"

"నేనే పెట్టిన."

ఇంకొంత దూరం నడిచాడు. "ఆమె గంత నిమ్మలంగ పాడలే. నువ్వు ఏడ్పు పాట చేసినవ్. ఆమె ఉరికిస్తుండె."

రోడ్డు మీదే నిలబడి, తొడ మీద చేత్తో దరువు వేసి చూపించాడు. వదిన పాడుతుంటే అన్న ఎప్పుడూ దుకాణంలోనే ఉండేవాడు. బేరాల మధ్య అదంతా విన్నాడని నాకు తెలియదు. ఆయన దరువు సరిగ్గానే ఉంది. తరవాత చేయి జేబులో పెట్టుకుని, "రేపు సరుకు తేను గంజ్ బజారుకు నువ్వు పో, నాకు కాలు నొస్తాంది" అన్నాడు. ఆ తరవాత మా మధ్య ఆమె మాట మళ్ళీ రాలేదు. పాటను మాత్రం ఆయన చెప్పిన నడకలోకే మార్చాను.

నవాబు పాలన పోయి రాజ్యం మారిన ఏడాది బజారులో సగం కొట్లు చాలా రోజులు తెరవలేదు. పెళ్ళిళ్ళు తగ్గాయి. బ్యాండు మనుషులు ఒక్కొక్కరూ తలో దారి పట్టారు. ఉస్తాద్ తన కూతురి ఊరికి వెళ్ళిపోతానన్నాడు. స్టేషన్‌కు నేనూ పోయాను. క్లారినెట్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"మళ్ళ వస్తరా ఉస్తాద్?"

"సూద్దాం బేటా. రోజూ ఊదు. మర్చిపోకు."

రైలు కదిలింది. ఆయన చేయి ఊపాడు, నేనూ ఊపాను. తరవాత ప్లాట్‌ఫారం మీద పల్లీలు కొనుక్కుని, అన్నీ తిని, ఇంటికి నడిచాను. పల్లీలు బాగా వేగాయని కూడా గుర్తుంది. నాకు ఏమైందో అని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటాను.

కొన్ని నెలలకు ఒక నాటకాల కంపెనీ ఊళ్ళో దిగింది. వాళ్ళ హార్మోనియం మనిషి జబ్బుపడి ఇంటికి పోయాడు. క్లారినెట్ ఊది, డోలు వాయించి, హార్మోనియం పట్టి, అవసరమైతే పాటకు మాటలు కట్టే కుర్రాడు ఒకడున్నాడని పంతులు వాళ్ళకు చెప్పాడు. వాళ్ళతో పోతానని ఇంట్లో చెప్పాను. బాపు గల్లా వైపు తిరిగి కూర్చున్నాడు. అన్న బస్తాలు మోసే బండి కట్టించి, నా పెట్టె తనే ఎక్కించాడు.

మొదటి మకాం డోర్నకల్. రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో ఆట. గూడ్సు బండ్లు వస్తే ఒక్క మాట వినపడేది కాదు. అందుకని దూరం నుంచి చప్పుడు మొదలవగానే తిత్తి మీది నుంచి చేయి తీసేవాణ్ణి. రాజు వేషంలో ఉన్నతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడేవాడు. జనం బీడీలు ముట్టించుకునేవాళ్ళు. ఆఖరి పెట్టె దాటిపోయాక, ఎక్కడ ఆపామో అక్కడినుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం.