సగం మిగిలిన మైనం

కంచు విగ్రహాలు పోసేవాళ్ల మైనం కరిగి, తప్పుకుని, లోహానికి చోటిస్తుంది. వెంకట్రాజం పనిలో మైనం అలా తప్పుకునేది కాదు. మధ్యలో నిలబడి, సామానూ అచ్చూ ఒకదానికొకటి అంటుకోకుండా కాస్తుంది.

వరంగల్ ఆటోనగర్ వెనక రేకుల షెడ్డులో ఆయనది ఫైబర్ పని. బజారులో దొరకని ప్లాస్టిక్ సామాను తెస్తే, దాన్ని చెక్కపలక మీద బిగించి, మైనం రుద్ది, పైన రెజిన్ జిగురు, గాజునార పొరలు వేస్తాడు. గట్టిపడ్డాక లోపలి సామాను ఊడదీస్తే అచ్చు మిగులుతుంది. ఆ ఒక్క అచ్చులో అలాంటివే యాభై తీయవచ్చు.

మైనం వంతు మాత్రం భార్య మొగిలమ్మది. షెడ్డు నడిచిన ఇరవై ఆరేళ్లూ ఆమెదే. ఆరు పూతలు, ప్రతి పూతా ఆరనిచ్చి, పాత చీర పేలికతో మెరిసేదాకా తుడిచేది. ఆఖరి పూత అయ్యాక పలక మూలన మేడారం నుంచి తెచ్చుకున్న పసుపుతో బొట్టు పెట్టేది. అది కనబడందే వెంకట్రాజం కుంచె ముట్టడు. తొందరపడితే, "ఏందయ్యా, బస్సేమన్న పోతాందా? బొట్టు పెట్టలె ఇంక" అని కసిరేది. అచ్చు ఊడొచ్చాక ఆ బొట్టును తడిబట్టతో తుడిచేదీ ఆమే.

ఆఖరిసారి తుడవలేదు. అప్పటికి దవాఖానలో ఉంది. మళ్లీ షెడ్డుకు రాలేదు.

మూడు నెలలు తాళం తీయలేదు వెంకట్రాజం. ఒకనాడు స్పేర్ పార్టుల దుకాణం కిషన్ రావు, ఎప్పుడో తయారీ ఆగిపోయిన మోపెడ్ మోడల్‌ది హెడ్‌లైట్ డూమ్, దీపం చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"అన్నా, జర పైలం. హన్మకొండంత తిరిగితె గిదొక్కటే దొరికింది. బజార్ల అందరు నీ పని అయిపోయిందంటాండ్రు. నేనైతె నమ్మలె."

"ఫికర్ చెయ్యకు తమ్మీ."

అన్న మాట నిలబెట్టుకోవాలనే ఆత్రంతో మర్నాడే డూమ్‌ను ఆ పాత పలకకే బిగించాడు. అంచులు సరిచూశాడు. చాయ్ తాగొచ్చాడు. కన్ను అలవాటుగా మూలకు పోయింది. పసుపు బొట్టు ఉంది. చెయ్యి కుంచె అందుకుంది. ఏళ్ల తరబడి ఒకే దారిన తొక్కిన రిక్షావాళ్లు కునుకులోనూ మలుపు తిరుగుతారని చెప్పుకుంటారు, ఇదీ అంతే.

మరుసటి రోజు, గట్టిపడ్డ అచ్చు ఊడదీయడానికి చెక్క చీలలు దోపాడు. సందులో నీళ్లు పోశాడు. రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా కొడితే లోపల పటుక్కుమంది. డూమ్ సగం విరిగి చేతికొచ్చింది, సగం అచ్చులోనే ఉండిపోయింది.

ఆ బొట్టు ఏనాటిదో అప్పుడు తట్టింది.

సాయంత్రం కిషన్ రావు వచ్చి చూశాడు. "గిదేందన్నా! మైనం పెట్టలేదా?"

"పెట్టిందనుకున్న."

కిషన్ రావు విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "నెక్కొండల మా బామ్మర్ది తాన ఇసొంటి బండి ఉన్నట్టు యాది. అడుగుత. దొరికితె చేస్తవా మరి?"

"చేస్త. ఈపాలి మైనం నేనే రుద్దుకుంట."

అతను బండి దగ్గరికి నడిచేలోగా వెంకట్రాజం అటక మీది మైనం డబ్బా దించి మూత తీశాడు. సగం ఉంది. ఆ సగం మీద మూడు వేళ్లు తీసిన చాళ్లు, సన్నగా, పక్కపక్కన.

చెయ్యి ముందుకు పోయింది గానీ, మైనాన్ని తాకలేకపోయింది. మూత గట్టిగా నొక్కాడు.

"తమ్మీ, వచ్చేటప్పుడు మైనం డబ్బా ఒకటి పట్కరా."

"నీ చేతిలున్నదేంది?"

"అయిపోయింది" అన్నాడు వెంకట్రాజం, డబ్బాను పైకెత్తి పెట్టేస్తూ.