సువార్తమ్మ ఎత్తిన పాట

పుప్పాలగూడలో ఓ పెద్ద అపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డులో నడిచే చర్చి అది. సువార్తమ్మ రానిదే అక్కడ ఆరాధన మొదలుకాదు. పెళ్ళయ్యాక తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. వారమంతా ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళకు సూపర్‌వైజరు, ఆదివారం మందిరంలో పాటలకు పెద్ద. గొంతంటే గొంతా అది! మైకు లేకపోయినా రోడ్డు మీది ఆటోవాళ్ళు తిరిగి చూస్తారు. ఇక ప్రార్థన ఎత్తుకుందంటే, ఆమె తరవాత ప్రార్థించడానికి పాస్టరయ్యగారే జంకుతారు. ఆ సంగతి సువార్తమ్మకూ తెలుసు. తెలియనట్టు తల వంచుకోవడం ఇంకా బాగా తెలుసు.

అంత గొంతూ పెట్టి ఆవిడ ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఒక్కటే. జీడిమెట్లలో కాపురముంటున్న కూతురు దీవెన కడుపు పండాలని. తల్లీకూతుళ్ళు చెయ్యని ఉపవాసం లేదు, మొరపెట్టని శుక్రవారం లేదు. ఏదీ, పైనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అలాంటప్పుడు వచ్చింది కిష్టమ్మ. ఈ ఊరి మనిషే. ఖాజాగూడలో ఆడపిల్లల హాస్టల్లో గిన్నెలు తోముతుంది. నిరుడు ఎవరో పిలిస్తే వచ్చి చాప చివర కూర్చుంది. ప్రార్థన చెయ్యమంటే, "దేవా, నన్ను జర కనికరించు" అనేసి ఊరుకుంటుంది. అంతే, ఆపైన మాట రాదు. ఆమె కోడలికీ చాన్నాళ్ళుగా పిల్లల్లేరు. కిష్టమ్మ చర్చికి రావడం మొదలుపెట్టిన ఏడాది తిరక్కుండానే ఆ కోడలు నెల తప్పింది.

సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. పైకి నవ్వింది, "దేవునికి స్తోత్రం" అంది, ఇంటికెళ్ళి అన్నం కంచం పక్కకు నెట్టేసింది. ఇన్నేళ్ళ నా మొర ఏమైనట్టు? నిన్నగాక మొన్న వచ్చిన దాని ఒక్క ముక్క ఆయనకు అంత ముద్దొచ్చిందా? దేవుడి మీద కోపం తెచ్చుకోకూడదు కాబట్టి, ఆ కోపమంతా కిష్టమ్మ మీదికి మళ్ళించింది.

ఆ చర్చిలో ఒక పద్ధతుంది. ఎవరైనా దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచి మరీ సాగదీస్తే, సువార్తమ్మ మెల్లగా ఓ పల్లవి అందుకుంటుంది. జనం చప్పట్లు కలుపుతారు, చెప్పేవాళ్ళు కూర్చుంటారు. ఆదివారం కూడా డ్యూటీకి పరుగెత్తేవాళ్ళుంటారు కదా, అయ్యగారే ఆ పని ఆమెకు అప్పగించారు.

నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉన్న రోజు. కిష్టమ్మ కొంగు సవరించుకుంటూ లేచింది. "నా కోడలికి దేవుడు కడుపు పండిచ్చిండు..." అని మొదలుపెట్టి, తర్వాతి మాట కోసం తడుముకుంది. సువార్తమ్మ ఇక తట్టుకోలేకపోయింది. మళ్ళీ అదే సంబడం, నలుగురిలో మళ్ళీ అదే గొప్ప! నిండు గొంతుతో పల్లవి ఎత్తేసింది. షెడ్డంతా చప్పట్లు మోగాయి. కిష్టమ్మ బిక్కమొహం వేసుకుని, వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

అయ్యగారు వాక్యం చెబుతుండగా కిష్టమ్మ ఆమె చెవిలో గొణిగింది. "అక్కా, అసలు ముచ్చట చెప్పనేలేదు. దవాఖానల స్కానింగ్ తీసిన్రు. కడుపుల బిడ్డ గుండె సక్కగ కొట్టుకుంటలేదన్నరు. రేపు మళ్ళ రమ్మన్నరు. నువ్వన్న జర ప్రార్థన చెయ్యి. నీ మాట దేవుడింటడు."

ఆ మాట విన్న క్షణంలో సువార్తమ్మ లోపల ఏదో తేలిక పడింది. సంతోషం. అవును, సంతోషమే. మరుక్షణం తన లోపల ఏముందో తనకే కనబడింది.

బల్ల దగ్గర అయ్యగారు ఎప్పటిలాగే హెచ్చరించారు, తోటివాళ్ళ మీద మనసులో ఏదైనా పెట్టుకుంటే ముందు అది సరిచేసుకు రమ్మని. రొట్టె పళ్ళెం వరస వెంట వచ్చింది. సువార్తమ్మ ముట్టకుండా పక్కకు అందించింది. వెనక వరసలో గుసగుసలు లేచాయి. ఆమె తలెత్తలేదు.

అందరూ వెళ్ళిపోయాక సువార్తమ్మ, కిష్టమ్మ చెయ్యి పట్టుకుని మూలకు తీసుకెళ్ళింది.

"పాట కావాలనే ఎత్తాను. నీ కోడలి మాట వినలేక. ఇందాక బిడ్డ సంగతి చెప్పావే, అప్పుడు... నాకు సంతోషమేసింది కిష్టమ్మా."

కిష్టమ్మ చెయ్యి విడిపించుకుంది. కళ్ళు తుడుచుకుంది. తిడితే బాగుండునని సువార్తమ్మ ఎదురుచూసింది. కిష్టమ్మ చాప వైపు తిరిగింది.

"మరి ప్రార్థన చేస్తవా, చెయ్యవా? మాకు రేపే పోవాలె."

ఇద్దరూ చాప మీద మోకరించారు. రోజూ ధారగా వచ్చే మాటల్లో ఒక్కటీ సువార్తమ్మకు అందలేదు.

"ప్రభువా, ఆ బిడ్డను బతికించు. బతికితే నాకు మళ్ళీ కుళ్ళు పుడుతుంది. అయినా బతికించు. నన్ను కనికరించు."

కిష్టమ్మ ఆమేన్ అంది.