తీతువు గుడ్లు

సూరత్ దగ్గర ఇచ్ఛాపూర్ అవతల ఓ సేటు రెండెకరాల చేను చూసుకునే రాజనర్సు, మోటారు మొరాయిస్తే దానిమీద అరచెయ్యి ఆనించి రోగం చెప్తాడు. ముప్పై ఏళ్లు సూరత్ సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో బట్ట నేసిన చెవులకు ఇప్పుడు ఏదీ సరిగా వినపడదు. ఆ సంగతి భార్య ఎల్లవ్వకు కూడా చెప్పలేదు. ఆమధ్య షెడ్డు కోసం ట్రాక్టరుతో తుప్పలు తీస్తూ, ఆమె వెనకనుంచి ఉరికొచ్చి ఎదురుగా నిలబడేదాకా ఆపలేదు. చక్రం కింద తీతువు గుడ్లు నాలుగూ చితికిపోయాయి.

"పిట్ట గంతగనం మొత్తుకుంటే ఇనవడలేదా?"

"ఇనవడ్డది. పిట్టనే గదా అనుకున్న."

ఎల్లవ్వ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు తుప్పలు తీసేటప్పుడు, పది అడుగులకోసారి ట్రాక్టరు ఆపి దిగుతాడు. ముందున్న నేలంతా వెతుకుతాడు. ఆ తర్వాత తలెత్తి చూస్తాడు, పైన ఏ పిట్టయినా నోరు తెరిచి తిరుగుతున్నదేమోనని.